పద్దు ముందు, నిర్ణయం తరువాత

తెలుగువారి వ్యాపారంలో ఇక ఏ నిర్ణయమూ గుడ్డిగా జరగకూడదన్నది మా సంకల్పం. కిరాణా కొట్టు మొదలు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దాకా, డబ్బు పెట్టేవారూ చెమటోడ్చేవారూ తమ లెక్కను తామే చదువుకోగల కాలం కోసం మేము ఒక్కటవుతున్నాం. పన్ను అధికారి కోసం, బ్యాంకు మేనేజరు కోసం, ఏడాదికోసారి ఆడిటరు సంతకం కోసం రాసే పుస్తకానికి కాలం చెల్లింది. నిర్ణయం తీసుకునేవారి కోసం రాసే పుస్తకం రావాలి. ఈ మాట చదవగానే మీ దుకాణమో, మీ సంఘమో మనసులో మెదిలితే మీరు మావారే.

మా విశ్వాసాలు ఇవి.

1. లెక్కల విద్య ఏ ఒక్క వృత్తివారి సొత్తూ కాదు. 1494లో వెనిస్ నగరంలో లూకా పాచోలీ జంటపద్దు విధానాన్ని అచ్చు వేయించినప్పుడు ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అక్కడి వర్తకులు అప్పటికే రాసుకుంటున్న తీరును వివరించాడంతే. అంగట్లో పెరిగిన విద్య అంగడివాళ్లకే పరాయిదైపోవడం మాకు సమ్మతం కాదు. రూపాయి ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు వెళ్లింది అనే రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు రాయడమే దీని సారం. ఇందుకు కావలసిన గణితం కూడికలు, తీసివేతలు, కాసిని శాతాలు. పదో తరగతి తప్పినవారికీ ఇది అందుతుంది. కామర్సులో పట్టా ఉన్నవారికి అందకపోవడమూ మేము ఎరుగుదుం.

2. లాభం వేరు, చేతిలోని నగదు వేరు. అరువు మీద అమ్మిన సరుకు పుస్తకంలో ఈరోజే లాభమవుతుంది. గల్లాపెట్టెలోకి ఎప్పుడొస్తుందో ఆ పుస్తకం చెప్పదు. కాగితం మీద లాభాలు ఆర్జిస్తూనే జీతాలివ్వలేక మూతపడే సంస్థలు ఉంటాయి. పెద్ద సంస్థలకూ ఇదే కొలమానం. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని 2009 జనవరి 7న ఆ సంస్థ చైర్మనే లేఖ రాశారు. ఆ ఖాతాల మీద ఆడిటర్ల సంతకాలు ఉన్నాయి. కాబట్టి సంతకం చూసి ఊరుకోకుండా, నగదు కదలికను వెంటాడి చదివే పాఠకులు వేల సంఖ్యలో తయారు కావాలి.

3. ధర చెప్పే ముందు లెక్క మాట్లాడాలి. దీన్ని కొంచెం విడమరిచి చెబుతాం, ఎందుకంటే మా ఉద్యమ ప్రాణం ఇక్కడే ఉంది.

ఒక పచ్చళ్ల కుటీరం ఉందనుకోండి. సీసా అమ్మకపు ధర 200 రూపాయలు. మామిడికాయ, కారం, నూనె, సీసా, కూలీ కలిపి 140. మిగిలేది 60. నెలకు అద్దె, జీతాలు, కరెంటు 30,000. అంటే నెలకు 500 సీసాలు అమ్మితే గాని ఆ యజమానురాలు లాభం మాట ఎత్తడానికి లేదు. ఇప్పుడొక పెద్ద దుకాణాల సంస్థ వచ్చి, వెయ్యి సీసాలు కావాలి, సీసాకు 150 ఇస్తాం, డబ్బు మూడు నెలల తర్వాత అంటుంది. రోషం ఉన్నవారు కాదంటారు, ఆశ ఉన్నవారు సరేనంటారు. రెండూ లెక్క చూడని జవాబులే.

అద్దె, జీతాలు ఎలాగూ కట్టాల్సినవే. పాత్రలూ మనుషులూ ఖాళీగా ఉండి, 200 పెట్టే పాత గిరాకీ చెడకపోతే, ఈ బేరంలో సీసాకు పది రూపాయలు మిగులుతాయి. కాని ఆ 140 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే, మూడు నెలలకు సీసా మీద 8 రూపాయల 40 పైసలు వడ్డీకే పోతాయి. మిగిలేది రూపాయి 60 పైసలు. డబ్బు ఇంకో నెల ఆలస్యమైతే సీసాకు రూపాయి 20 పైసల నష్టం! బేరమాడాల్సింది ధర ఒక్కటే కాదు, గడువు కూడా. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. 45 రోజుల్లో వస్తే ఆమెకు సీసాకు 5 రూపాయల 80 పైసలు దక్కుతాయి. ఈ నాలుగు వరసల లెక్క చేతిలో ఉంటే ఆమె ఆ బేరంలో బతిమాలుకోదు, షరతు పెడుతుంది.

4. సొంత శ్రమకు కూలీ రాయని పుస్తకం అబద్ధమాడుతుంది. భార్యాభర్తలు పగలూ రాత్రీ కొట్లో కూర్చుని, సొంత గదికి అద్దె కట్టుకోక, గ్రైండరు తరుగుదల పట్టించుకోక తేల్చే మిగులును లాభమని పిలవడానికి మేము ఒప్పుకోం. 1,20,000 పెట్టి కొన్న యంత్రం అయిదేళ్లు ఆడుతుందంటే, నెలనెలా అది 2,000 రూపాయల మేర అరుగుతోంది. ఆ సొమ్ము ధరలోకి రాకపోతే ఆరో ఏట మళ్లీ అప్పే గతి.

5. అప్పు పాపమూ కాదు, వరమూ కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. తెచ్చిన డబ్బు అంతకన్నా ఎక్కువ సంపాదించే చోటికి వెళ్తోందా అన్నదే ప్రశ్న. పొదుపు సంఘాల పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఎప్పటి నుంచో ఉంది. దానికి మేము ఒక్కటే జోడిస్తున్నాం: పుస్తకం రాసే అమ్మాయి ఒక్కతే కాక, సభ్యులందరూ చదవాలి.

6. మేము కోరే రేపు ఇలా ఉంటుంది. రైతు కంపెనీ వార్షిక సమావేశంలో వెనక వరసలోని సభ్యురాలు లేచి, నిల్వలో ఉన్న మిర్చికి ఏ ధర కట్టారని అడుగుతుంది. డైరెక్టర్లు తడబడకుండా జవాబిస్తారు. ఆస్తి అప్పుల పట్టీ తెలుగులో అచ్చై, సమావేశానికి వారం ముందే ఇంటికి చేరుతుంది. అప్పు కోసం వెళ్లినవాడు తన నగదు అంచనాను బల్ల మీద పెట్టి మాట్లాడతాడు. చార్టర్డ్ అకౌంటెంటు రిటర్ను దాఖలు చేసే గడువు రోజుల్లోనే కాక, కొత్త శాఖ తెరిచే ముందు కూడా ఆ ఇంటికి వస్తాడు. తండ్రి పోయాక కొట్టు కూతురి చేతికొచ్చినప్పుడు, ఎవరి దగ్గర ఎంత రావాలో ఎవరి జ్ఞాపకాన్నీ అడుక్కోనక్కరలేదు.

7. చేరడానికి రుసుము లేదు, అర్హత పరీక్ష లేదు. గత నెల పుస్తకంతో రండి. అది సగమే రాసి ఉన్నా, నోటుబుక్కు వెనక పేజీల్లో ఉన్నా, ఫోనులో ఉన్నా ఫరవాలేదు. ఇంట్లో వ్యాపారం చూసేవారు ఇద్దరైతే ఇద్దరూ రండి. ఇక్కడ చదివిన అంకెలు గది దాటి బయటికి పోవు. మొదటి సమావేశంలో ఒకటే పని: మీకు రావలసిన బాకీలన్నీ రాసి, వాటిలో 90 రోజులు దాటినవాటి కింద ఎర్ర గీత గీయడం.