వానొచ్చిన పెళ్ళి వేరు, వానకోసం వెళ్ళిన పెళ్ళి వేరు

చిన్నప్పుడు డబ్బాలోంచి బియ్యం తీసి నములుతుంటే మా అమ్మమ్మ "నీ పెళ్ళికి వాన పడుతుందే పిల్లా!" అని బెదిరించేది. నిజంగానే పడింది! పందిరి కారిపోయి, ఫోటోగ్రాఫరు కెమెరాని తువ్వాల్లో చుట్టుకుని అరుగెక్కి కూర్చున్నాడు. తాళి కట్టే ఫోటో ఒక్కటే దక్కింది మాకు.

ఇప్పటి పిల్లలు ఆ వానకోసమే ఎదురు చూస్తున్నారు.

ఈ శ్రావణంలో మా ఆడపడుచు కూతురి ప్రీ వెడ్డింగ్ షూట్‌కి తోడు వెళ్ళాను. భీమిలి రోడ్డులో మంగమారిపేట రాళ్ళ దగ్గర. సముద్రం మీద నల్లటి మబ్బు. "అబ్బ, ఏం లైటండీ!" అని ఫోటోగ్రాఫరు మురిసిపోతున్నాడు. నాకేమో గుండెలో దడ.

ఆయన మాట అబద్ధం కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళు చికిలించుకుపోతాయి, ముక్కు కింద నల్లటి నీడ పడుతుంది. మబ్బు ఆ వెలుగుని పల్చటి పంచెలో వడకట్టినట్టు అంతటా పరుస్తుంది. ఇక చినుకులు ఫోటోలో మెరవాలంటే వెనకనుంచి లైటు పడాలట. అందుకని ఓ కుర్రాడు పొడవాటి స్టాండు ఎత్తిపట్టుకుని రాళ్ళ చివర నిలబడ్డాడు, తడుస్తూ.

ఈ మోజు ఎక్కడిదని అడిగితే మా పిల్ల ఫోన్లో స్కాట్లాండ్ పెళ్ళిళ్ళు చూపించింది. స్కై దీవి, గ్లెన్‌కో లోయ... గాలికి మేలిముసుగు ఎగిరిపోతూ, గౌను కింద కొండలెక్కే బూట్లతో పెళ్ళికూతురు! అక్కడ చట్టప్రకారం కొండమీదయినా, ఒడ్డునయినా పెళ్ళి చేసుకోవచ్చు. జరిపించేవారూ, ఇద్దరు సాక్షులూ ఉంటే చాలు. అయిదుగురు మనుషులే కాబట్టి గాలివాన ముదిరితే ఇంకోచోటికి జరగడం తేలిక. మనకో? ముహూర్తం కదలదు, బంధువులు కదలరు, ఫోటోగ్రాఫరుకిచ్చిన అడ్వాన్సు అసలే కదలదు. వాళ్ళ ఫోటో తెచ్చుకున్నాం గానీ ఆ వెసులుబాటు తెచ్చుకోలేదు.

2025 జులైలో ఫిలిప్పీన్స్‌లోని మలోలోస్‌లో వరద నీళ్ళు నిండిన బరాసోయిన్ చర్చిలో ఓ పెళ్ళికూతురు తెల్లగౌను నీళ్ళలో ఈడ్చుకుంటూ నడిచివెళ్ళిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. వాళ్ళు వరదని వెతుక్కుంటూ వెళ్ళలేదు, అదే వాళ్ళ పెళ్ళికొచ్చింది. ఆ మాటకొస్తే మన తలకాడు సంగతి వేరు. 2020 నవంబరులో మైసూరు జిల్లాలో కావేరి మీద ఫోటోల కోసం తెప్పెక్కిన కాబోయే దంపతులిద్దరూ, అది బోల్తాపడి మునిగిపోయారు. అది గాలివాన చేసిన పని కాదు, ఫోటో కోసం నది మీదికెళ్ళడం. దానికి ఉరుములు కూడా తోడైతే?

మన దేశంలో 2022లో పిడుగులు పడి 2,887 మంది చనిపోయారు. మెరుపు మెరిశాక ముప్ఫై అంకెలు లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే, పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. పక్కా ఇంట్లోకో, తలుపులు వేసిన కారులోకో వెళ్ళిపోవాలి. చెట్టుకింద అసలు నిలబడకూడదు. పిడుగు హెచ్చరికలకు 'దామిని' అనే ఆప్ కూడా ఉంది.

ఆ రోజు నేను పన్నెండు లెక్కపెట్టేసరికి ఉరిమింది. "ఇంకొక్క అడుగు వెనక్కి మేడమ్" అంటున్నాడాయన. మా పిల్ల నా వంక చూసింది. కాబోయే మొగుడి ముందు, పెద్దాడబిడ్డ ముందు "నాకు భయమేస్తోంది" అనడానికి ఏ పెళ్ళికూతురికి నోరొస్తుంది చెప్పండి? స్టాండు పట్టుకున్న కుర్రాడికి అసలే రాదు. రోజుకూలీ వాడిది.

"దిగండమ్మా, ఇక చాలు" అని నేనే అరిచాను. ఆయనకి కోపం వచ్చింది, మంచి షాటు పోయిందని. పోనివ్వండి! పక్కనున్న టీ కొట్లో దూరాం. తడిసిన గౌను పిండుకుంటూ మా పిల్ల నవ్వుతున్న ఫోటో ఆ కుర్రాడే తన ఫోన్లో తీశాడు.

పెళ్ళి కార్తీకంలో. మన తీరానికి తుఫాన్ల కాలం. వాతావరణ శాఖ ఆరెంజో, రెడ్డో హెచ్చరిక ఇస్తే బయట ఫోటోలు మానేసి, అదనపు డబ్బు లేకుండా ఇంకోరోజు తీయాలని ఒప్పందం కాగితంలో మా పిల్లే రాయించింది. ఫోటోగ్రాఫరు నవ్వాడట... కానీ సంతకం పెట్టాడు.