ఓటీపీ పైకి చదివే ఊరి నుంచి

తెలంగాణ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

నస్రుల్లాబాద్‌లో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటున్నాను. పొద్దున పదింటికల్లా నా బల్ల మీద నాలుగైదు ఫోన్లు చేరతాయి. "బిడ్డా, నంబరొచ్చినట్టుంది, జూడు" అంటూ బీడీలు చేసే ఒక పెద్దమ్మ తన ఫోను ముందుకు నెడుతుంది. కవరు వెనక చీటీ మీద పిన్ రాసే ఉంటుంది. ఓటీపీ నేను పైకే చదువుతాను. వెనక నిలబడ్డవాళ్ళంతా వింటారు. ఎవరూ ఏమీ అనుకోరు.

2021 అక్టోబరులో మీ సంఘం ఖమ్మంలో ఫోన్ ఓటు ప్రయోగం చేసిందని చదివినప్పటి నుంచీ నాకు ఈ బల్లే గుర్తొస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ సాయంతో చేసిన యాప్ అది. ఆధార్‌లో పేరు కలవాలి, ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషి కావాలి, ముఖం ఓటరు కార్డు ఫోటోతో సరిపోవాలి. (మా పెద్దమ్మ తన కార్డు ఫోటో చూసి "ఇదెవరు?" అని నవ్వింది, అది వేరే సంగతి.) పడ్డ ఓటును ఎవరూ మార్చకుండా బ్లాక్‌చెయిన్. అక్కడ వేసింది ఉత్తుత్తి ఓటే. 2025 జూన్‌లో బీహార్ మున్సిపల్ ఎన్నికల్లో ఫోన్‌తో అసలు ఓట్లే వేయించారు. ముందు మొదలుపెట్టి మనం ఆగిపోయాం.

మాకూ ఫోన్ ఓటు రావాలి, కాదనను. మా దిక్కు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ లేదు. ప్రవాసులు ఓటరుగా నమోదు కావచ్చని 2010లో చట్టం మార్చారు గానీ, ఓటేయాలంటే విమానమెక్కి రావాల్సిందే. ఒక్క ఓటుకు నెల జీతం ఎవరు పోసుకుంటారు? మంచం దిగలేని ముసలివాళ్ళకూ బూత్ దాకా పోవడం కష్టమే.

కానీ సార్, మీ తాళాలన్నీ మనిషెవరో తేల్చేవి, లేదంటే ఓటు పడ్డాక కాపాడేవి. ఓటు పడే క్షణంలో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? కొడుకు చేతిలోనో, వార్డు నాయకుడి చేతిలోనో, నా చేతిలోనో. ముఖం ఆమెదే, వేలు ఇంకొకరిది. పోలింగ్ బూత్‌లో అడ్డుగా పెట్టే అట్ట ముక్క చేసే పని ఏ యాప్ చేస్తుంది?

2005 నుంచి ఆన్‌లైన్ ఓటున్న ఎస్టోనియాలో ఒక వెసులుబాటు ఉంది. ఒకసారి వేసినవాళ్ళు మళ్ళీ వేసుకోవచ్చు, చివరిదే లెక్క. బూత్‌కు పోయి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దవుతుంది. పగలు ఎవరో నొక్కించినా రాత్రి మార్చుకోవచ్చన్నమాట. ఫోన్ ఓటు తెస్తే ఈ వీలుతో తెండి. ముందు మాలాంటి మండలంలో, ఇంటికొక్క ఫోనున్న చోట, ఉత్తుత్తి ఓటు పెట్టి చూడండి.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో ఆ పెద్దమ్మ ఓటేసి తిన్నగా నా సెంటర్‌కే వచ్చింది. వేలి మీద సిరా ఇంకా ఆరలేదు. ఫోను నా ముందు పెట్టింది. ఊరికే అడిగాను, సర్పంచ్‌గా ఎవరికేశావని.

"నీకెందుకురా" అంది.

ఇట్లు,
నస్రుల్లాబాద్ ఓటరు ఒకడు