ఒకే సైటు, రెండు బీమా కార్డులు

రియాద్‌లోని మా సైటులో పనిచేసే ఇద్దరు తెలుగువాళ్లకు ఒకే వారంలో జ్వరం వచ్చింది. పెద్ద కంపెనీ కార్మికుడు కార్డు చూపించి దగ్గరున్న ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్నాడు. చిన్న లేబర్ సప్లై కంపెనీ కార్మికుడి కార్డు అక్కడ చెల్లలేదు. "అన్నా, నాకూ కార్డుంది గదా?" అని అడిగాడు. తేడా ఎక్కడుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సౌదీలో సహకార ఆరోగ్య బీమా చట్టం 1999లో వచ్చింది. అమలు 2006లో మొదలైంది, అదీ తలల లెక్కన. ముందు 500 మందికి పైగా విదేశీ కార్మికులున్న కంపెనీలు, తర్వాత 100 దాటినవి, చివరికి మిగతావి. సిబ్బందికీ, వారి కుటుంబాలకూ కలిపి ఒకే పాలసీ అన్నప్పుడూ అదే వరస. పెద్ద కంపెనీలకు 2016 జూలైలో మొదలైతే, 25 మంది లోపువాటి వంతు 2017 ఏప్రిల్‌లో వచ్చింది.

ఇప్పుడు ప్రైవేటు కంపెనీలో ఒక్కడే కార్మికుడున్నా బీమా తప్పనిసరి. అయినా తేడా పోలేదు. కనీసం ఏ వైద్యం ఇవ్వాలో ప్రభుత్వం చెబుతుంది గానీ, ఏయే ఆసుపత్రులన్నది యజమాని కొన్న పాలసీని బట్టి ఉంటుంది. వెయ్యి మందికి పాలసీ తీసుకునే కంపెనీ గట్టిగా బేరమాడగలదు. పదిమందిలో ఒకరికి గుండె ఆపరేషన్ అయితే చాలు, చిన్న యజమానికి మరుసటేడు ప్రీమియం భారమవుతుంది. అందుకే అలాంటివాళ్లు చవక నెట్‌వర్క్ వైపే చూస్తారు.

ఇంటి డ్రైవర్లు, పనిమనుషుల పరిస్థితి మరీ కష్టం. 2024 జూలై 1 నుంచి వారికీ బీమా తప్పనిసరి చేశారు, కానీ ఒకే యజమాని కింద నలుగురికి మించి ఉంటేనే. ఒక్క డ్రైవరున్న ఇంటికి ఆ నిబంధన వర్తించదు. కరీంనగర్ నుంచైనా, కడప నుంచైనా ఇంటి వీసా మీద వచ్చేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

కంపెనీ కార్మికుల ప్రీమియం యజమానే కట్టాలి, జీతంలో కోయకూడదు. ఎగ్గొడితే బాకీ ప్రీమియంతోపాటు జరిమానా పడుతుంది, కొత్త కార్మికులను తెచ్చుకోకుండా ఆపవచ్చు కూడా. ఆజాద్ వీసా అని నమ్మి వచ్చినవాళ్లకు ఒక్క మాట. పనిచేసే సైటు ఎవరిదైనా, బీమా ఇకామాలో పేరున్న కఫీల్ ద్వారానే వస్తుంది. ఇకామా నంబరుతో ఆరోగ్య బీమా మండలి వెబ్‌సైటులో పాలసీ ఉందో లేదో చూసుకోవచ్చు. కార్డు ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో కూడా అడిగి రాసిపెట్టుకోండి. ఒళ్లు బాగున్నప్పుడే ఈ పని చేయాలి, జ్వరంతో కౌంటరు ముందు నిలబడ్డాక కాదు.