దండలు వేస్తే సరిపోదు, లెక్క చెప్పాలి

ఏప్రిల్ వచ్చిందంటే మా చిక్కబళ్లాపురం జిల్లాలో పూలదండలకు గిరాకీ. 14న అంబేడ్కర్ జయంతి. 15న బాగేపల్లి మాజీ ఎమ్మెల్యే జి.వి. శ్రీరామరెడ్డి వర్ధంతి. 25న విదురాశ్వత్థ అమరుల దినం. నాయకులు వస్తారు, పటాలకు దండలు వేస్తారు, ఫొటోలు దిగి వెళ్తారు. స్మరించుకోవడం తప్పని మేము అనడం లేదు. అడగవలసిన ప్రశ్న అడగని స్మరణ చనిపోయినవారికి గౌరవం కాదు, బతికున్న పెద్దలకు రక్షణ అంటున్నాం.

తొండేభావిలో హిందూపురం రైలు ఎక్కితే గౌరిబిదనూరు దాటాక విదురాశ్వత్థ వస్తుంది. 1938 ఏప్రిల్ 25న అక్కడ జెండా సత్యాగ్రహానికి చేరిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 32 మంది అని జనం లెక్క. సర్కారు చెప్పిన లెక్క అంతకన్నా చాలా తక్కువ. అయినా దేశం నిలదీసింది. పటేల్, కృపలానీ మైసూరుకు వచ్చారు. దివాన్ మీర్జా ఇస్మాయిల్ దిగివచ్చాడు. కాంగ్రెసు జెండా ఎగరేసే హక్కు దక్కింది. జనం గట్టిగా అడిగితే ఏమవుతుందో ఆ తేదీ చెబుతుంది.

ఎవరూ గట్టిగా అడగకపోతే ఏమవుతుందో చెప్పే తేదీ కూడా మా దగ్గరే ఉంది. 2000 మార్చి 11. చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవ దహనం చేశారు. కేసులో సాక్షులు ఎదురు తిరిగారు. 2006లో కోలారు కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. 2014లో హైకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఏడు ప్రాణాలు పోయాయి, చట్టం దృష్టిలో చంపినవాడు ఒక్కడూ లేడు! దళిత సంఘాలు ఆ రోజును గుర్తుచేస్తూనే ఉన్నాయి. దండల నాయకుల డైరీలో మాత్రం ఆ తేదీకి చోటు లేదు.

"సాక్షులే మాట మార్చారు, కోర్టు ఏం చేస్తుంది?" అంటారు కొందరు. కూలి ఇచ్చేవాడూ, దారి ఇచ్చేవాడూ, అప్పు ఇచ్చేవాడూ ఒకే వర్గంవాడైన ఊళ్లో సాక్షి ఎవరి ధైర్యంతో నిలబడాలి? సాక్షిని కాపాడడం సర్కారు పని. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆ బాధ్యతను రాతపూర్వకంగా ఒప్పుకుంది. కంబాలపల్లికి అది ఆలస్యంగా వచ్చింది. రేపటి కంబాలపల్లికైనా అందాలి కదా.

ఇక్కడే నాయకుల సంగతి వస్తుంది. శ్రీరామరెడ్డి విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన మనిషి. 1994లోనూ 2004లోనూ బాగేపల్లిలో ఎర్రజెండాను గెలిపించారు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడినా కరువు ప్రాంతానికి శాశ్వత నీటి వసతి కావాలన్న పోరాటం విడవలేదు. చివరి ఏళ్లలో తన పార్టీకే దూరమయ్యారు. 2022 ఏప్రిల్ 15న కన్నుమూశారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా ఒక మాట ఒప్పుకోవాలి: పదవి లేనప్పుడు కూడా జనం మధ్య ఉన్న నాయకుణ్ణి జనం మరిచిపోరు. ఆయన పటానికి దండ వేసేవారు ఆయన అడిగిన నీళ్లెక్కడ అని ఎందుకు అడగరు? నదీజలం ఇంకా మా చెరువులకు చేరలేదు. బెంగళూరు వాడి వదిలేసిన మురుగునే శుద్ధి చేసి పంపుతున్నారు.

అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా అధికారి అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉండాలి. అది మూడు నెలలకొకసారి సమావేశం కావాలి. ఎంపీలూ ఎమ్మెల్యేలూ అందులో సభ్యులు. కాబట్టి మేము అడిగేది సులువైన ప్రశ్నే. అయ్యా, దండ వేయడానికి తీరిక దొరికిన మీకు ఆ కమిటీకి వెళ్లడానికి తీరిక దొరికిందా? ఎన్ని కేసులు విచారణలో ఉన్నాయి? ఎంతమంది సాక్షులకు రక్షణ ఇచ్చారు?

ప్రవక్తలకు సమాధులు కట్టించి, నీతిమంతుల గోరీలను అలంకరించేవారిని యేసు ప్రభువు మెచ్చుకోలేదు, గద్దించాడు. మత్తయి 23వ అధ్యాయం చదివిన సంఘాలకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. ఇకమీదట మార్చి 11న ప్రతి తాలూకా కేంద్రంలో ఆ ఏడుగురి పేర్లు పైకి చదవాలి, ఆ తర్వాత ఎమ్మెల్యేని పిలిచి పై ప్రశ్నలు అడగాలి. జవాబు తెచ్చినవారి చేతికే ఏప్రిల్‌లో దండ ఇద్దాం.