కూడలి మార్పు, కనుచూపు విలువ



మన మారిషసు ద్వీపమున మోటారు బండ్లు మిక్కిలి పెరిగినవి. ఉదయ సాయంకాలములయందు కూడళ్లలో అవి బారులు తీరుచున్నవి. ఆ బాధ తగ్గించుటకై 2020 దశకపు ఆరంభమున ఫీనిక్సునందు జంబో రౌండబౌటు చోట పైవంతెనలు లేచినవి. ఇట్టి పనులు ఇతర గ్రామముల కూడళ్లకును రాగలవు. పనికి పోవువారికి, ఆసుపత్రికి చేరవలసిన రోగికి మంచి దారి కావలసినదే. కావున మేము రహదారిని నిందింపము. అయితే దారి మార్చుటకు పూర్వము కనుచూపును గూర్చియు విచారణ జరుగవలెననియు, అందు మన కుటుంబములు నోరు విప్పవలెననియు మా మనవి.

ఈ విచారణకు నిపుణులు ఒక పద్ధతి ఏర్పరచిరి. బ్రిటనులో 2013వ సంవత్సరమున మూడవ కూర్పుగా వెలువడిన మార్గదర్శక గ్రంథము ఇందుకు పేరుగాంచినది. అందు రెండు ప్రశ్నలు వేఱువేఱుగా అడుగబడును. నేల స్వరూపమునకు ఏమి కలుగును? చూచు మనుష్యులకు ఏమి కలుగును? చెఱకుతోటల నడుమ నల్లరాళ్ల కుప్పలు మీరెఱుగుదురు. మన పూర్వులవంటి కూలివాండ్రు నేలను సాగుకు తెచ్చుటకై ఏరి పేర్చిన రాళ్లవి. అట్టి కుప్పను తొలగించినచో, చూచువారు లేకున్నను, నేల స్వరూపమునకు నష్టమే. ఇంటి వసారా నుండి కనబడు కోర్ ద గార్డు కొండకు అడ్డముగా వంతెన లేచినచో అది చూపునకు కలిగిన నష్టము. రెండింటిని కలిపివేసినచో ఒకటి మఱుగునపడును.

తరువాత, చూచువా రెవరని అడుగుదురు. బండి నడుపువాడు కూడలిని కొన్ని క్షణములు చూచి పోవును. ఆ యింటనే కాపురమున్న అవ్వ దినమంతయు చూచును. గుడికి వచ్చువారు నిలిచి చూతురు. కావున వారి చూపునకు ఎక్కువ విలువ కట్టుట న్యాయము. ఆపైన మార్పు ఎంత పెద్దదని లెక్కింతురు. క్రింద పోవు లారీలకు 5 మీటర్లకు పైగా ఎడము విడువవలెను. వంతెన మందము చేర్చినచో పైదారి 6, 7 మీటర్ల ఎత్తున నుండును. నూటికి 5 వంతుల వాలున ఎక్కుటకు ఇరువైపుల 120 మొదలు 140 మీటర్ల వఱకు ఏటవాలు గట్టు కావలెను. కాగితముపై చిన్న గీతగా కనబడునది ఊరి నడుమ గోడ కాగలదు.

నివేదికలోని చిత్రములను చూచునపుడు, అవి ఏ చోట నుండి తీసినవో మొదట అడుగవలెను. వంతెన కట్టిన యేటి చిత్రమును, చెట్లు పెరిగిన 15 ఏండ్ల తరువాతి చిత్రమును ప్రక్కప్రక్కన చూడవలెను. చెట్లు నాటెదమన్న మాట మంచిదే. కాని వంతెనను దాచు చెట్టే కొండను కూడ దాచవచ్చును. తుపానులకు నిలువని చెట్టు ఏ దాపును ఇయ్యదు. రాత్రివేళ ఎత్తైన దీపస్తంభముల వెలుగు ఎవరి కిటికీలో పడునో అదియు లెక్కలోనిదే.

రహదారి కొఱకు ఏమి పోగొట్టుకొనవచ్చునో పోర్ట్ లూయీలో చూడవచ్చును. 1849లో ఆరంభమైన వలస కూలీల డిపో మన పూర్వుల వంటివారు లక్షలకొలది తొలిసారి అడుగిడిన చోటు. తరువాతి కాలమున రహదారి పనులలో ఆ ప్రాంగణమున పెద్దభాగము పోయినది. మిగిలినదానిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. ఆ 16 మెట్లు మిగిలినందున నేడు పిల్లలకు చూపి చెప్పగలుగుచున్నాము. పోయిన గోడలను ఎట్లు చూపగలము?

దారి ప్రక్కన అమ్మోరు గుడియు, దాని నీడనిచ్చు మఱ్ఱిచెట్టును పటములో ఒక చుక్కయైనను కాకపోవచ్చును. అమ్మోరు పండుగనాడు ఏ దారిని ఊరేగింపు నడుచునో, ఏ మలుపున గుడి తొలుత కనబడునో కొలతలు తీయు ఇంజనీరునకు తెలియదు. అది మనకే తెలియును. ఇది చెప్పుట అతనికి అడ్డుపడుట కాదు, సాయపడుట.

పెద్ద రహదారి పనికి పర్యావరణ నివేదిక కోరబడినపుడు ప్రజలు దానిని చదివి అభిప్రాయము తెలుపుటకు గడువు ఇయ్యబడును. ఆ గడువులోపల చదువుకొన్న మన యువకులు పెద్దలతో కూర్చుండి ఒక ఉత్తరము వ్రాయవలెను. ఏ చోట నిలుచుదుము, ఏమి చూతుము, ఎందఱము వత్తుము, ఏ చెట్టు ఉండవలెను అని నాలుగు మాటలు స్పష్టముగా నున్న చాలును. కోపపు మాటలు వలదు. గొడ్డలి పడిన పిమ్మట చేయు సభకంటె, పడకముందు వ్రాసిన ఉత్తరము మేలు.