తీరుబడి వేళ: కొట్టంలోని జావా

మన కుటుంబాలలో చాలామంది ఇండ్లలో గోనెపట్టా కప్పిన బండి ఒకటి ఉంటుంది. తాతగారిదో, పెదనాన్నగారిదో అయి ఉంటుంది. అమ్ముదామంటే మనసొప్పదు, నడుపుదామంటే నడవదు. ఏటా ఆయుధపూజనాడు గోనె తీసి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రం క్రింద నిమ్మకాయ ఉంచి, హారతి ఇచ్చి, మళ్ళీ గోనె కప్పేస్తాము. ఈ నెల కబుర్లు ఆ బండిని గురించి.

మా చోరనూరులో మా మేనమామగారిది 1968 నాటి జావా 250. ఆయన పోయి నాలుగేండ్లయింది. మొన్న వేసవిలో గుజరీ వ్యాపారి ఒకడు వచ్చి కాటా లెక్కన అడిగాడు. వాడి వెనకాలే పట్నం నుంచి ఇంకొకాయన దిగి, "అమ్మా, బండంతా నాకక్కరలేదు. ట్యాంకూ, సైలెన్సర్లూ ఇస్తే చాలు" అని, గుజరీవాడు మొత్తానికి చెప్పినదానికి మూడింతలు చెప్పాడు. మా అత్తయ్యకు డబ్బు అవసరమే. చిన్నవాడికి కాలేజీ ఫీజు కట్టవలసి ఉంది. "ఏం చేద్దామంటావు అల్లుడూ?" అని నన్నడిగింది. "ఫీజు సంగతి మనమిద్దరం ఎలాగో చూసుకుందాం. దసరాదాకా నాకు గడువివ్వత్తా. అప్పటికి బండి నడిస్తే నీ ఇష్టం, నడవకపోతే వాళ్ళ ఇష్టం" అన్నాను.

అంత పట్టుదల ఎందుకో చెబుతాను. ఈ జావా అనేది ద్వీపం పేరు కాదు సుమా. ప్రాగ్ నగరంలో జానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీవారి వాండెరర్ కంపెనీ మోటారు సైకిలు నమూనా తీసుకొని బండ్లు చేయడం మొదలుపెట్టాడు. రెండు పేర్ల మొదళ్ళూ అతికితే జావా. దాన్ని మన మైసూరులోనే ఐడియల్ జావావారు 1961 నుంచి తయారుచేశారు. 1970ల మొదట్లో పేరు యెజ్డి అయింది. 1996లో కార్ఖానా మూతపడింది. 2018లో జావా పేరుతోనూ, 2022లో యెజ్డి పేరుతోనూ వేరే కంపెనీవారి కొత్త బండ్లు వచ్చాయిగాని, వాటి సామాను మన పాతవాటికి పట్టదు. చిన్న చిన్న కార్ఖానాలవారు చేసిన కొత్త సామాను కొంత దొరుకుతుంది. అసలు మైసూరు సామాను కావాలంటే మాత్రం ఒక బండి చచ్చి మరొక బండికి ఇవ్వాలి. పట్నంనుంచి వచ్చినాయన చేసే వ్యాపారం అదే. ఆయనను తప్పుపట్టను. ఆయనవంటివాళ్ళు లేకపోతే సగం బండ్లు లేచేవి కావు. కాని ఇంజను నంబరూ, చాసిస్ నంబరూ, కాగితాలూ మూడూ ఒకదానితో ఒకటి సరిపోయే బండిని ముక్కలు చేయడం మాత్రం నా మనసుకు ఎక్కలేదు. ఆయన రెండోమాటు ఫోను చేసినప్పుడు మా అత్తయ్యే చెప్పింది: "ట్యాంకు కావాలంటే దానిమీద కూర్చుని తోలుకుపో నాయనా, విడిగా లేదు."

ఇక పని. నేను గుమాస్తాను. కాగితం ఎక్కడ పెట్టానో మళ్ళీ అక్కడే దొరికేటట్టు పెట్టడం తప్ప వేరే విద్య రాదు. ఈ పనిలో ఆ విద్యే మెకానిక్ విద్యకంటె ఎక్కువ అక్కరకు వచ్చింది. ఊడదీసిన బోల్టులు ఒక్కొక్క భాగానివి ఒక్కొక్క పాత సీసాలో వేసి చీటీ అంటించాను. వాషర్లు వచ్చిన వరుస తప్పకుండా ఇనుప తీగకు గ్రుచ్చాను. వైరింగు పీకేముందు సెల్‌ఫోనుతో నాలుగు ప్రక్కలనుంచీ ఫోటోలు తీశాను. బండిని బిగించడం నిజానికి ఊడదీసేనాడే మొదలవుతుంది. నంబర్లు కొట్టి ఉన్నచోట ఇసుక కాగితం గాని, గ్రైండరు గాని తాకనివ్వవద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చాలు. ఆ అంకెలు అరిగితే బండికి పుట్టుక పత్రం పోయినట్టే.

ఇంజను పనికి సండూరునుంచి ముసలి మేస్త్రి ఒకాయనను పిలిపించాను. సాయిబుగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కిక్ రాడ్ యాడుంది అని అడగలేదు గదా మీరు, సంతోషం" అన్నాడు. జావాకు కిక్కూ గేరూ రెండూ ఒకే కడ్డీ. లోపలికి నొక్కి వెనక్కి త్రిప్పితే కిక్కు, మామూలుగా ఉంటే గేరు. తెలియనివాడు బండిని దొంగిలించడానికి వచ్చినా స్టార్టు చేయలేడని ఆయన పాతకాలపు హాస్యం.

తర్వాత ఆయన చెప్పిన సంగతి వివరంగా వ్రాస్తాను, ఎందుకంటే ఇటువంటి బండ్లు చాలావరకు దీనివల్లనే మూలపడ్డాయి. ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి తిన్నగా సిలిండరు పైభాగానికి పోదు. ముందు క్రింద క్రాంకు గదిలోకి వస్తుంది. పిస్టన్ దిగుతూ దాన్ని అదిమి ప్రక్క దారులగుండా పైకి త్రోస్తుంది. అంటే ఆ గది కూడా ఒక పంపే. పంపుకు చిల్లి ఉండరాదు. క్రాంకు షాఫ్టు రెండు కొసలా రబ్బరు ఆయిల్ సీళ్ళు ఉంటాయి. ఇరవై ముప్ఫయి ఏండ్లు కదలక పడి ఉంటే అవి అప్పడంలా ఎండిపోతాయి. ఎడమ ప్రక్కది, అంటే చైను ప్రక్కది, పోతే గేరు ఆయిలు లోపలికి పీల్చుకొని బండి తెల్లని పొగ క్రక్కుతుంది. అది చూసి పిస్టన్ రింగులు పోయాయనుకొని రీబోరింగుకు పరుగెత్తుతారు. కుడి ప్రక్క డైనమో వైపుది పోతే మరీ ప్రమాదం. బయటి గాలి చొరబడి పెట్రోలు పాలు తగ్గుతుంది, ఇంజను కాగిపోయి దారి మధ్యలో పిస్టన్ పట్టేస్తుంది. మా బండిలో రెండూ పోయాయి. పైగా మా ప్రాంతపు ఇనుప ఖనిజం ఎర్రధూళి బేరింగుల్లో గంధంలా పేరుకొని ఉన్నది.

కొత్త బేరింగు సుత్తితో కొట్టి దింపవద్దని సాయిబుగారి ఆజ్ఞ. ఇంజను పెట్టెను కాగబెట్టి, బేరింగును చల్లబరచి వదిలితే తనంతట తానే కూర్చుంటుందట. చల్లబరచడానికి మా ఇంటి ఫ్రిజ్ తప్ప గతి లేదు. పెరుగు గిన్నె ప్రక్కన కాగితంలో చుట్టిన బేరింగులు చూసి మా ఇంటిది, "ఇవేం వడలండీ?" అన్నది. మర్నాడు నిజంగానే చేత్తో దింపితే గుటుక్కున దిగాయి.

సిలిండరు బళ్ళారిలో లేతు మిషనుమీద పావు మిల్లీమీటరు పెద్దది చేయించి, దానికి తగిన పిస్టన్ వేశాము. పాయింట్లు, కండెన్సరు, ఆరు వోల్టుల బ్యాటరీ కొత్తవి. వీటిలో చెప్పవలసిన విశేషం లేదు. ట్యాంకులో మాత్రం గుప్పెడు గులకరాళ్ళూ కొంచెం డీజిలూ పోసి, పిల్లలిద్దరి చేత ఒక ఆదివారమంతా ఊపించాను. తుప్పు కాఫీ డికాక్షనులా దిగింది.

పెట్రోలు విషయంలో పాత అలవాటు చాలదు. లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలపడం సరే. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఎథనాల్ చేరింది. అది తేమను లాగుతుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. గొట్టాలు ఈ కాలపువి వేయండి. నెలలతరబడి నడపకపోతే ట్యాంకు, కార్బొరేటరు ఖాళీచేసి పెట్టండి.

రంగు సంగతి అందరూ మొదట అడుగుతారు, నేను కడపట పెట్టాను. పైన అద్దంలా మెరుస్తూ లోపల ఎండిన సీళ్ళతో ఉన్న బండ్లు నేను రెండు చూశాను. ట్యాంకు ఎడమ ప్రక్క సొట్ట ఒకటి ఉన్నది. తీయిద్దామంటే మా అత్తయ్య వద్దన్నది. ఎందుకో అడగలేదు.

చివరి మాట కాగితాలు. యజమాని పోయినప్పుడు వారసులు ముప్ఫయి రోజులలో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలిపి, మూడు నెలలలో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. మన ఇండ్లలో ఇది ఎవరికీ గుర్తుండదు. ఆలస్యమైనా చేయించుకోక తప్పదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏబది ఏండ్లు దాటి, అసలు రూపు చెడని బండిని 'వింటేజి'గా రిజిస్టరు చేయించవచ్చు. ఇదివరకే నంబరున్న బండి ఆ నంబరే ఉంచుకోవచ్చు. కాని అలా చేయించిన బండిని ప్రదర్శనకూ, ర్యాలీకీ, మరమ్మతుకూ, పెట్రోలుకూ తప్ప రోజూ వాడరాదు. సంతకు వెళ్ళి కూరలు తెచ్చుకోవాలనుకొనేవారు మామూలు రిజిస్ట్రేషనే కొనసాగించుకోవడం మేలు. మా అత్తయ్య రెండో దారే కోరింది.

ఇంజను ఇప్పుడు పలుకుతున్నది. స్పీడోమీటరు మాత్రం దొరకలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా బండి పోయి స్పీడోమీటరొక్కటి అటకమీద మిగిలి ఉంటే, సంఘం ఆఫీసుకు కబురు పెట్టండి, నేనే వచ్చి తీసుకొంటాను. గోనె క్రింద ఉన్న బండినుంచి ఊడదీసి మాత్రం పంపవద్దు.