తుపాకి ధర ఇనుములో లేదు, కాగితంలో ఉంది



ఈ మధ్య మనవాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒక మాట వినిపిస్తోంది. "మా తాత రివాల్వర్ ఇప్పుడు లక్షలు పలుకుతుందంట, బంగారం కంటే మేలు" అని ఒకరంటారు. "అమ్మొద్దు, ఇంకా పెరుగుతుంది" అని ఇంకొకరంటారు. పెళ్లిళ్లలో, కుంభాభిషేకాల్లో, చివరికి సంఘం కమిటీ ముగిసి కాఫీ తాగేటప్పుడు కూడా ఇదే మాట. అందుకని నా అభిప్రాయం కాస్త వివరంగా రాస్తున్నాను. పొడుగైనా ఓపికగా చదవండి.

నేను వేటగాణ్ణి కాను, పోలీసును కాను. రైల్వేలో గుమాస్తాగా ఉండి రిటైరైనవాణ్ణి. బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. అయినా ఈ విషయంలో గుమాస్తా మాట పనికొస్తుంది. ఎందుకంటే పాత తుపాకి విలువలో సగానికి పైగా గుమాస్తా పనే.

ముందు ఒక సంగతి చూడండి. పాయింట్ 32 పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్, అమెరికాలో ఉన్న మన పిల్లల ఊళ్లో వాడినదైతే కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది. అదే రివాల్వర్ ఇక్కడ లైసెన్సు మీద చేతులు మారితే లక్షల్లో మాట. ఇనుము ఒకటే, కంపెనీ ఒకటే. ఇక్కడ అది మెరుగైన తుపాకి అయిపోదు కదా! మరి ఈ తేడా ఎక్కడిది?

తలుపు మూసినందువల్ల వచ్చింది. 1980ల నడుమ దాకా విదేశీ తుపాకులు ఈ దేశానికి వచ్చేవి. ఇంగ్లండు నుంచి వెబ్లీ అండ్ స్కాట్, గ్రీనర్. అమెరికా నుంచి కోల్ట్, స్మిత్ అండ్ వెసన్. జర్మనీ నుంచి వాల్థర్. తర్వాత ప్రభుత్వం మామూలు మనిషి తుపాకి దిగుమతి చేసుకోవడాన్ని ఆపేసింది. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు, ఇంకొందరికి మాత్రం మినహాయింపు. అంటే ఆరోజుకు దేశంలో ఎన్ని ఉన్నాయో దాదాపు అన్నే. తుప్పు పట్టి కొన్ని, ప్రభుత్వానికి జప్తయి కొన్ని ఏటా తగ్గుతాయేగాని పెరగవు. హెచ్.ఎం.టి. వాచీ తయారీ ఆగిపోయాక పాత వాచీకి గిరాకీ వచ్చింది చూశారా, అదే కథ. కాకపోతే వాచీని ఎవరైనా కొనొచ్చు, తుపాకిని కొనలేరు.

ఇంకొకటి. మన ప్రభుత్వ కర్మాగారంలో చేసిన కొత్త రివాల్వరే చవక కాదు. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని 'నిర్భీక్' అనే పాయింట్ 32 రివాల్వర్ తెచ్చింది. అప్పుడే దాని ధర 1,22,000 రూపాయల పైచిలుకు. కొత్తదే అంతుంటే, మళ్లీ రాని విలాయతి సరుకు అంతకంటే దిగువన ఎందుకుంటుంది?

అయితే విలాయతి అన్నవన్నీ ధర నిలుపుకుంటాయని అనుకోకండి. ఇక్కడే మనవాళ్లు చాలామంది పొరబడుతున్నారు.

మొదట చూసేది బోరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు ఆఫీసర్ల నడుముకున్న వెబ్లీ పాయింట్ 455 రివాల్వర్ ఎంత గట్టిది! కానీ మన చట్టంలో అది నిషిద్ధ బోరు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు, పాయింట్ 303 రైఫిలు కూడా అంతే. మామూలు లైసెన్సుదారు వాటిని కొనలేడు. కొనేవాడే లేనిదానికి ధరెక్కడిది? అదే వెబ్లీ కంపెనీ చేసిన చిన్న పాయింట్ 32కు మాత్రం ఎగబడతారు. పాయింట్ 303 కుదరదు కాబట్టే మన కర్మాగారం పాయింట్ 315 రైఫిలు చేసి జనానికి అమ్మింది. తుపాకి బలం చూసి కాదు, చట్టం రాసిన అంకె చూసి ధర నడుస్తోందని దీంతో తెలుస్తుంది.

రెండోది తూటా. తూటా దొరకని తుపాకి చేతికర్రతో సమానం. 12 బోరుకు, పాయింట్ 32కు మన ప్రభుత్వ కర్మాగారాలు తూటాలు చేస్తాయి కాబట్టి అవి బతికున్నాయి. ఇందులోనూ మెలిక ఉంది. పాత ఇంగ్లీషు 12 బోరు తుపాకుల్లో చాలావాటికి తూటా గది రెండున్నర అంగుళాలే. ఇప్పటి తూటాలు ఎక్కువగా రెండు ముప్పావు అంగుళాలవి. గదిలో పట్టినట్టే పట్టినా, పేలినప్పుడు ముందుకు విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇంకా పాతవాటిలో డమాస్కస్ గొట్టాలు ఉంటాయి. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చేసినవి. పాముచర్మంలా అందమైన చారలుంటాయి. అవి నల్లమందు కాలానివి, ఇప్పటి మందుకు తట్టుకుంటాయని నమ్మకూడదు. గోడకు అందంగా ఉంటాయి, అమ్మబోతే కొనేవాడు వెనకాడతాడు.

మూడోది ముద్ర. ఇంగ్లండులో లండన్, బర్మింగ్‌హామ్ ఊళ్లలో ప్రూఫ్ హౌసులు ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌ది 1813 నాటిది. ప్రతి గొట్టంలో మామూలుకంటే ఎక్కువ మందు కూరి పేల్చి చూస్తారు, తట్టుకుంటేనే ముద్ర కొడతారు. ఆ ముద్ర, కంపెనీ పేరు, వరస నంబరు మూడూ చెక్కుచెదరకుండా ఉండాలి. విలాయతి పేరు చెక్కిన నాటు సరుకు కూడా తిరుగుతోంది కాబట్టి తెలిసినవాడు ముందు వీటినే చూస్తాడు. నంబరు అరిగినా, చెరిపినా ధర మాట వదిలేయండి, కేసు మాట వస్తుంది. తయారీదారు పేరు, నంబరు లేని తుపాకిని అమ్మకూడదని ఆయుధాల చట్టం 8వ సెక్షన్‌లోనే ఉంది.

నాలుగోది ఉన్నది ఉన్నట్టు ఉండటం. మెరుపు కోసం గీకించి, కొత్తగా నల్లరంగు వేయించి, పాత వాల్‌నట్ కట్టె తీసి కొత్త కట్టె బిగిస్తే విలువ పెరగదు, పడిపోతుంది. ఆయుధపూజకు మనిళ్లలో గొట్టానికి చందనం, కుంకుమ పెడతాం. పెట్టండి, తప్పులేదు. మర్నాడే తుడిచి నూనె పట్టించండి. తడి చందనం కిందే తుప్పు మొదలవుతుంది.

ఇక జోడు గొట్టాల తుపాకుల సంగతి. పాత జమీను ఇళ్లలో, కరిసల్ నేల రైతుల ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇవే. ఒకప్పుడు వీటికి ఉన్న గిరాకీ ఇప్పుడు లేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేట పోయింది. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల హద్దు రెండుకు దిగింది. మూడున్నవాడు ఏది వదులుతాడు? చిన్నగా చేతిలో ఇమిడే రివాల్వర్‌నా, మూలన నిలబెట్టిన జోడు గొట్టాల తుపాకినా? మీరే చెప్పండి.

నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. ఈ ధర సర్కారు సంతకంతో వచ్చింది. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోతుంది. రేపు దిగుమతి తెరిచినా, హద్దు రెండు నుంచి ఒకటికి దించినా, ఫలానా బోరు నిషిద్ధమని ఒక నోటిఫికేషన్ ఇచ్చినా, మీ లక్షలు కళ్లముందే కరిగిపోతాయి. బంగారంతో దీన్ని పోల్చడం సరికాదు. బంగారాన్ని మీ ఆవిడ, మీ కూతురు ఎప్పుడైనా ఏ కొట్టులోనైనా అమ్ముకోగలరు. తుపాకిని మీరు పోయిన మర్నాడు వాళ్లు ఇంట్లో ఉంచుకునే హక్కు కూడా లేదు.

ఈ మాట కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు. లైసెన్సు మనిషి పేరు మీదది, ఇంటి పేరు మీదది కాదు. ఇంటాయన కన్నుమూస్తే లైసెన్సు అక్కడితో ఆగిపోతుంది. ఆలస్యం లేకుండా దాన్ని పోలీసు స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. అలా చేయకుండా బీరువాలో ఉంచితే లైసెన్సు లేని ఆయుధమే. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. పదహారో రోజు కర్మ కూడా ముగియని ఇంట్లో ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది? కొడుకులు బెంగళూరులోనో, అమెరికాలోనో. ఆ తల్లికి తాళం ఎక్కడుందో కూడా తెలియదు.

అప్పగించాక కూడా ఊరికే ఉండకూడదు. నిబంధనల్లో చెప్పిన గడువులోగా వారసులు లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవాలి, లేదా అమ్మకానికి ఏర్పాటు చేయాలి. లేకపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వానికి జప్తవుతుంది. మా రైల్వేలో గడువు దాటినా ఎవరూ విడిపించని పార్సెలు వేలానికి పోయేది. లోపల పట్టుచీరలున్నా, పచ్చడి జాడీ ఉన్నా లెక్క ఒకటే. రసీదు లేని పార్సెలు ఎవరిదీ కాదు.

మా వైపు ఒక పెద్దింట్లో జరిగింది చెబుతాను. పెద్దాయన పోయాక మంచి ఇంగ్లీషు రివాల్వర్‌ను అప్పగించారు. ముగ్గురు కొడుకులూ నాకంటే నాకన్నారు. ఒకరు అడిగితే ఇంకొకరు ఒప్పుకోలు సంతకం పెట్టలేదు. ఏళ్లు గడిచాయి. నూనె చుక్క చూడని ఇనుము ఏమవుతుందో మీకు తెలుసు. లక్షల మాట పోయి, అన్నదమ్ముల మాటలు కూడా పోయాయి.

దీనికి మందు చట్టంలోనే ఉంది, మనవాళ్లు వాడుకోవడం లేదు. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన చూడండి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అది, తాను బతికుండగానే ఒక వారసుణ్ణి పేర్కొని వాళ్ల పేర లైసెన్సు అడగవచ్చు. ఇస్తారన్న హామీ లేదు, విచారణ ఉంటుంది. కానీ పెద్దాయన పక్కన కూర్చుని సంతకం పెడితే అన్నదమ్ముల తగువు ఉండదు, వారిసు సర్టిఫికెట్ కోసం తాలూకా కచ్చేరి చుట్టూ తిరిగే పనీ ఉండదు. కూతుర్ని కూడా పేర్కొనవచ్చు. మనవాళ్లకు ఆ ఆలోచనే రాదు.

ఇంట్లో ఎవరికీ అవసరం లేదంటే అమ్మేయండి. తొందరపడి చేతికి చేయి ఇవ్వకండి. జిల్లా మేజిస్ట్రేటుకుగానీ, దగ్గరి స్టేషన్ అధికారికిగానీ రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. కొనేవాడి లైసెన్సులో ఆ రకం తుపాకికి అనుమతి ఉండాలి. కాగితాలన్నీ వరసగా ఉన్న తుపాకికి డీలరు చెప్పే ధరకూ, ఒక పునరుద్ధరణ తప్పిపోయినదానికి చెప్పే ధరకూ తేడా మీరే చూస్తారు.

"పూర్వీకుల పరువును అమ్ముకోమంటావా" అని కొందరు నా మీద కోప్పడతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేసి, 1801లో దక్షిణాది పాళెగాళ్ల సీమల్లో జనం దగ్గరున్న ఆయుధాలన్నీ ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. కట్టబొమ్మన ఇంట్లో మాట్లాడింది మన తెలుగే. ఆ తర్వాత తెల్లదొర ఎవరి చేతికి తుపాకి తిరిగి ఇచ్చాడో, వాళ్లే పెద్దమనుషులయ్యారు. లైసెన్సును పరువుగా చూసే అలవాటు మనకు అలా వచ్చింది. దొర ఇచ్చిన పరువును ఇంకెన్నాళ్లు మోయాలి? తాత ఫోటో ఉంది, ఆయన కట్టించిన బావి ఉంది, ఆయన మాట్లాడిన తెలుగు మన నోట ఉంది. పరువుకు ఇవి చాలవా?

అడవిపందులు పంటమీద పడే ఊళ్లో, దూరాన ఒంటిగా ఉన్న తోటలో తుపాకి అవసరమున్నవాళ్లున్నారు. వాళ్లు ఉంచుకోవాలి, నేను కాదనను. ధర పెరుగుతుందని ఉంచుకునేవాళ్లతోనే నా గొడవ. లక్షలు చేసే వస్తువు ఇంట్లో ఉందని ఊరంతా చెప్పుకోవడం దొంగకు వెత్తలపాకు ఇచ్చి పిలిచినట్టే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చే సరదా ఉంటే అదీ మానండి. ఇతరులకు ప్రమాదం కలిగేలా సంబరాల్లో పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణలోనే రాశారు.

మన సంఘానికి నా మనవి ఒకటి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీనికి అరగంట కేటాయించండి. ఎవరింట్లో తుపాకి ఉందని బయట అడగవద్దు. లైసెన్సు పుస్తకంలోని నంబరు తుపాకి మీది నంబరుతో సరిపోతోందా, ఐదేళ్ల గడువు ఎప్పుడు ముగుస్తుంది, తర్వాత ఎవరు, ఎవరూ లేకపోతే ఎప్పుడు అమ్ముతారు అన్న నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద అచ్చువేసి అందరికీ పంచండి. జవాబులు ఎవరింట్లో వాళ్లే రాసుకుని లైసెన్సు పుస్తకంలో పెట్టుకుంటారు. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు చెప్పాలి. తుపాకి ఎంత పలికినా సరే, ఆ ఇంటి ఇల్లాలు స్టేషన్ గుమ్మంలో నిలబడే రోజు రాకూడదు.

మీ రైల్వే గుమాస్తా